విశాఖ పాత ఊరు వన్‌టౌన్‌లో, కోటవీధి వైపు పాత మేడల్ని కూల్చకుండా ఆపాలా, సొంతదారు ఇష్టానికి వదిలేయాలా?

రంగిరీజు వీధి (ఆదివారం, రాత్రి 9:10)

నిన్న పాత పోస్టాఫీసు దగ్గర పనుండి వెళ్లి, కోటవీధిలోంచి నడిచి వచ్చాను. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన మాస్టారి మేడ సగం లేదు. పై వసారా చెక్క కటకటాలు విప్పి గోడకి ఆనించారు, దూలాలు లారీకి ఎక్కిస్తున్నారు. ఒక్కో దూలాన్ని ఆరుగురు మోస్తున్నారు. అది బర్మా టేకు అనీ, రంగూన్ నుంచి ఓడలో వచ్చి మన రేవులోనే దిగిందనీ మాస్టారు గొప్పగా చెప్పేవారు. ఇప్పుడు దాన్ని అడుగుల లెక్కన కొనుక్కుపోతున్నారు.

నేననేది ఇది. వన్‌టౌన్‌లో 75 ఏళ్లు దాటిన ఇళ్లన్నిటినీ, ప్రైవేటువైనా సరే, జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ) జాబితా రాయాలి. జాబితాలో ఉన్న ఇంటిని కూల్చడానికి అనుమతి ఇవ్వకూడదు. టౌన్‌హాల్ బాగు చేశారు, సంతోషం. కానీ టౌన్‌హాలూ కురుపాం మార్కెట్టూ నిలబడితే ఊరు నిలబడినట్టు కాదు. డాబాగార్డెన్స్‌లో 1840లో గొడే వెంకట జగ్గారావు గారు సొంత డబ్బుతో వేధశాల పెట్టారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యుడి మీదుగా దాటుతుంటే ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు మన ఊళ్లోనే కూర్చుని చూసి, లెక్క రాసి పంపారు. ఆ వేధశాల ఇప్పుడు లేదు. ప్రైవేటు ఆస్తి కదా అని ఊరుకుంటే ఇలాగే పోతాయి.

సూర్యాబాగ్ (9:22)

ఆ దారినే స్కూలుకి వెళ్లేవాళ్లం. మేడ ఫోటో తీసి ఉంటే పెట్టండి మాస్టారూ.

మేడమీద గది (9:48)

నేను అలాంటి ఇంట్లోనే ఉంటున్నాను. తాతగారు కట్టించిన మేడ, వాటాదారులం ఏడుగురం. ఇంట్లో ఉంటున్నది మాత్రం నేనూ, 81 ఏళ్ల మా అమ్మా. పోయిన వానాకాలం హాల్లో పైకప్పు పెచ్చు ఊడి అమ్మ మంచం మీద పడింది. ఆవిడ అప్పుడే మొహం కడుక్కోవడానికి లేచింది కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి వంటింట్లో చాప వేసుకుని పడుకుంటోంది, ఎంత చెప్పినా హాల్లోకి రాదు.

బాగు చేయడానికి కాంట్రాక్టరు 11 లక్షలు అన్నాడు. లోనుకి వెళ్తే ఏడుగురి సంతకాలూ కావాలన్నారు. ఇద్దరు విదేశాల్లో, ఒకాయనతో మాటల్లేవు. బిల్డరైతే ఏడుగురికీ ఏడు చెక్కులు రాసిస్తానంటున్నాడు. ఇప్పుడు మీ జాబితా వస్తే పెచ్చులు ఊడడం ఆగుతుందా? తొట్లకొండ బౌద్ధ క్షేత్రం రక్షిత స్థలమే కదండీ. 2019 అక్టోబరు వానలకి అక్కడి మహాస్తూపం కూలింది. తర్వాత మళ్లీ కట్టారు, ప్రభుత్వానిది కాబట్టి. నా ఇంటి మీద బోర్డు పెట్టి వెళ్లిపోతే నాకెవరు కడతారు?

తాపీ మేస్త్రి కొడుకు (10:05)

మేడమ్, ఒక్క మాట. ఆ గోడలకీ కప్పుకీ సిమెంటు పూత ఎప్పుడైనా వేయించారా?

మేడమీద గది (10:07)

1996లో. గోడలు చెమ్మ పడుతున్నాయని నాన్న వేయించారు.

తాపీ మేస్త్రి కొడుకు (10:31)

అదేనండి రోగం. సున్నం గోడ తేమని పీల్చుకుంటుంది, ఎండ కాయగానే వదిలేస్తుంది. మనది సముద్రపు గాలి, దాన్లో ఉప్పు ఉంటుంది. నేలలోంచీ చెమ్మ ఎక్కుతుంది. పైన సిమెంటు పూసేస్తే ఆ తడికి బయటికి దారి ఉండదు. తడితో పాటు ఉప్పు వచ్చి పూత వెనకాల పేరుకుని, పెచ్చుని తోస్తుంది. పెచ్చు ఊడిన చోట మళ్లీ సిమెంటే పూస్తారు, రెండేళ్లకి దాని పక్కన ఊడుతుంది. కప్పు గతీ అంతే. పైన నీళ్లు దిగకుండా చేసి, కింద సిమెంటు గీకి, గానుగ సున్నంతో, అంటే గానుగలో ఆడిన సున్నంతో, పూత వేయాలి. మా నాన్న కరక్కాయ నానబెట్టిన నీళ్లూ బెల్లం నీళ్లూ కలిపేవాడు. ఆ సున్నం వారం నానితే గానీ తాపీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఇంకో సంగతి. దూలం గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. మధ్యలో దూలం రాయిలా ఉంటుంది, పుచ్చడం ఆ మొదట్లోనే మొదలవుతుంది. అక్కడ గట్టిగా ఉంటే మీ ఇంటికి 11 లక్షలు అక్కర్లేదు.

రంగిరీజు వీధి (10:40)

విన్నారా! ఇల్లు పాతదని కాదు, తప్పు వైద్యం చేశారని. సున్నంతో చేయించి ఉంటే ఈ గొడవే లేదు.

గాజువాక (10:52)

ఇప్పుడు గానుగ సున్నం ఎవడు ఆడతాడండీ? చెప్పడానికి బాగుంటుంది. సిమెంటు బస్తా పొద్దున్న ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి వస్తుంది.

తాపీ మేస్త్రి కొడుకు (11:03)

సిమెంటు తప్పని నేననలేదు, సున్నం గోడ మీద వద్దన్నాను. అయినా బీచ్‌రోడ్డు వైపు పాతికేళ్ల అపార్టుమెంట్లు చూడండి. బాల్కనీ అడుగున ఇనుము తుప్పు పట్టి కాంక్రీటుని పగలగొట్టుకుని వేలాడుతుంటుంది. ఉప్పుగాలికి ఆ ఇనుము ఆగదు, ఈ రెండడుగుల గోడలో అసలు ఇనుమే లేదు. హుద్‌హుద్ తుపాను రోజు, 2014 అక్టోబరు 12న, నేను వన్‌టౌన్‌లోనే ఉన్నాను. మా మేడ పెంకులు ఎగిరిపోయాయి గానీ గోడకి బీట కూడా రాలేదు.

గాజువాక (11:10)

పెంకులు ఎగిరిపోతే ఇల్లు నిలబడినట్టేటి? వాన లోపల పడదా? పైగా జాబితాలో పెడితే చుట్టూ 300 మీటర్లు ఎవరూ ఇల్లు కట్టుకోకూడదు. పక్కింటోళ్ల గతి ఆలోచించారా?

ప్లానింగ్ చదివినవాడు (సోమవారం, ఉదయం 7:15)

ఈ 300 మీటర్ల మాట ప్రతి చర్చలోనూ వస్తోంది కాబట్టి చెప్తున్నాను. అది కేంద్రం రక్షిత కట్టడాలుగా ప్రకటించిన వాటికే. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం మొదటి 100 మీటర్లలో కట్టడం నిషేధం, ఆ తర్వాత 200 మీటర్లలో అనుమతి తీసుకుని కట్టుకోవచ్చు. రాష్ట్రానికి 1960 చట్టం వేరే ఉంది. ఊరి స్థాయిలో ఇళ్ల జాబితా రాసుకోవడం ఈ రెండిటికీ సంబంధం లేనిది. అందులో ఏం నిషేధించాలి, ఏం ఇవ్వాలి అన్నది మనం అడిగేదాన్ని బట్టి ఉంటుంది. ఉదాహరణకి టీడీఆర్, అంటే కట్టుకునే హక్కుని వేరే చోటికి బదలాయించే కాగితం. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్లకి ఇచ్చే బాండు లాంటిదే, పాత కట్టడాన్ని నిలబెట్టినవాళ్లకీ ఇవ్వొచ్చు. దాన్ని బిల్డరుకి అమ్ముకుంటే మరమ్మతు డబ్బు వస్తుంది.

మేడమీద గది (7:40)

ఆ బాండుకీ ఏడు సంతకాలు కావాలి కదండీ.

పెదజాలరిపేట (8:30)

పెద్దలంతా మాట్లాడుతున్నారు, నాదీ ఒక మాట. మీరు చెప్పినవన్నీ మేడలే. రాజులవి, జమీందార్లవి, దొరలవి. మా పేటలో 75 ఏళ్ల గోడ చూపించమంటే నేను చూపించలేను. మావి తాటాకు పాకలు, ఏటా కప్పుకునేవి. అంత మాత్రాన మేము నిన్న వచ్చినవాళ్లం కాదు. తాతల నాడు తెప్పలు ఆరబెట్టిన ఇసుక ఇప్పుడు పార్కింగు. దాన్ని ఆపమని అడిగితే అభివృద్ధికి అడ్డొస్తున్నారన్నారు. అప్పుడు వారసత్వం అన్న మాట ఎవరి నోటా రాలేదు.

మా నాన్న వేటకెళ్తే ఒడ్డు కేసి చూసి చోటు గుర్తుపట్టేవాడు. యారాడ కొండ ముక్కు ఒకవైపు, రాస్ హిల్ మీద తెల్లటి చర్చి ఇంకోవైపు. ఆ రెండూ ఎక్కడ కలిసి కనిపిస్తే అక్కడ రాతినేల, అక్కడ ఏ చేప పడుతుందో నోటిలెక్క. ఇప్పుడు ఒడ్డంతా అపార్టుమెంట్లు లేచాక కొన్ని గుర్తులు కనపడవు. జీపీఎస్ ఉంది, పని ఆగదు. కానీ ఆ లెక్క నాకు రాదు, నాన్నతోనే పోయింది. జాబితా రాస్తే అలాంటివి ఏ కాలమ్‌లో రాస్తారు?

రంగిరీజు వీధి (9:05)

తమ్ముడూ, నీ బాధ నిజమే, కాదనను. అది వేరే చర్చ. ఇక్కడ మాట్లాడుతున్నది కట్టడాల గురించి. ఒకేసారి అన్నీ అంటే ఒక్కటీ జరగదు.

పెదజాలరిపేట (9:12)

మాది ఎప్పుడూ వేరే చర్చే అన్నయ్యా.

రంగిరీజు వీధి (9:34)

సరే. అసలు విషయానికొస్తాను. మేడమీద గది గారూ, మేస్త్రి గారు ఉపాయం చెప్పారు, ప్లానింగ్ ఆయన డబ్బు దారి చెప్పారు. ప్రతిదానికీ మీరు కాదనే అంటున్నారు. ఏడు చెక్కులు అన్నప్పుడే నాకు అర్థమైంది. అమ్మేద్దామని మనసులో పెట్టుకున్నవాళ్లకి సున్నమూ దొరకదు, సంతకమూ దొరకదు. మీలాంటివాళ్ల వల్లే ఊరు ఇలా తయారైంది.

మేడమీద గది (9:50)

మీలాంటివాళ్లా? రాత్రి వాన పడితే గిన్నెలు ఎక్కడెక్కడ పెట్టాలో నాకు చీకట్లో కూడా తెలుసు. ఏడు చోట్ల. మీరు శనివారం నడుచుకుంటూ వచ్చి, చూసి, బాధపడి వెళ్లిపోయారు. ఇప్పుడెక్కడ ఉంటున్నారు మీరు? పేరు రంగిరీజు వీధి అని పెట్టుకున్నారు కదా, ఆ వీధిలో మీ ఇల్లేదీ?

సూర్యాబాగ్ (9:55)

అమ్మా, ఆయన ఉద్దేశం అది కాదేమో. ఇద్దరూ కాస్త నిదానంగా.

రంగిరీజు వీధి (సోమవారం, రాత్రి 10:20)

పొద్దున్నే జవాబు రాయాల్సింది, రాయలేకపోయాను.

ఎంవీపీ కాలనీలో ఫ్లాటులో ఉంటున్నాను. రంగిరీజు వీధి ఇల్లు 1999లో అమ్మేశాం. నాన్నకి ఇష్టం లేదు. చెల్లి పెళ్లి కుదిరింది, చేతిలో డబ్బు లేదు, సంతకం పెట్టమని ఆయన్ని ఒప్పించింది నేనే. వీధి గుమ్మం ఒక్కటీ తెచ్చుకుందామన్నారు. పువ్వుల చెక్కడం ఉన్న టేకు గుమ్మం, ఏడడుగులు. ఫ్లాటులో ఎక్కడ పెడతాం నాన్నా అన్నాను. గుమ్మంతో సహా పోయింది. ఆ తర్వాత నాలుగేళ్లు ఆయన పండక్కి పసుపు రాసేటప్పుడు మా ప్లైవుడ్ తలుపు దగ్గర ఆగిపోయేవారు. ఏమీ అనేవారు కాదు.

ఆ రోజు ఎవరైనా వచ్చి, చట్టం ఒప్పుకోదు, అమ్మడానికి వీల్లేదు అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. జాబితా అని పట్టుబట్టేది అందుకే. మిమ్మల్ని అన్న మాట తప్పు.

మేడమీద గది (10:41)

మరి వీల్లేదని ఉంటే మీ చెల్లెలి పెళ్లి ఏమయ్యేది?

రంగిరీజు వీధి (10:58)

తెలీదమ్మా.

మేడమీద గది (11:30)

నేనూ ఒకటి చెప్పాలి. నాకు ఇల్లు అమ్మాలని లేదు. ఏడుగురిలో వద్దంటున్నది నేనొక్కదాన్నే, మూడేళ్లుగా. అందుకే ఒకాయనతో మాటల్లేవు. రేపు మీ జాబితాలో మా ఇల్లు ఎక్కితే, నేనే వెనకుండి పేరు ఎక్కించానని ఆరుగురూ అనుకుంటారు. వాళ్లకి రావాల్సిన డబ్బు ఆగిపోతుంది, మరమ్మతు మాత్రం ఉంటున్నదాన్ని కాబట్టి నేనే చేయించాలి. ఇల్లు ఊరిదంటున్నారు, ఒప్పుకుంటాను. అలాంటప్పుడు పెచ్చు కూడా ఊరిదే అవ్వాలి కదా. డబ్బు ముందు, నిషేధం తర్వాత. ఆ వరసలో అడిగితే నేనూ మీ కాగితం మీద సంతకం పెడతాను. నిషేధం ఒక్కటే అడిగితే పెట్టను.

ప్లానింగ్ చదివినవాడు (11:44)

ఈ వరస సరైనదే. వినతిపత్రం రాస్తే మొదటి పేరాలో ఇదే ఉండాలి. పెదజాలరిపేట తమ్ముడు అడిగిన కాలమ్ కూడా చేర్చాలి. కట్టడం కాని గుర్తులకి చోటు లేని జాబితా మన ఊరికి సరిపోదు.

పెదజాలరిపేట (మంగళవారం, ఉదయం 5:50)

చేరిస్తే పేటలో పెద్దోళ్ల దగ్గర కూర్చుని గుర్తులు నేను రాసుకొస్తాను. ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. ఆలస్యం చేయకూడదు.

రంగిరీజు వీధి (6:30)

నిషేధం తర్వాత అంటే ఈలోపు ఇంకెన్ని పోతాయోనని భయం. ఆ విషయంలో నా మాట మారలేదు. కానీ కాగితం ఆవిడ చెప్పిన వరసలోనే రాద్దాం.

తాపీ మేస్త్రి కొడుకు (7:05)

మేడమ్, ఆదివారం ఖాళీగా ఉన్నాను. దూలాల మొదళ్లు చూసి చెప్తాను, డబ్బేమీ వద్దు.

మేడమీద గది (7:20)

రండి బాబూ. పది తర్వాత రండి, అమ్మ పూజ అయిపోతుంది. రంగిరీజు వీధి గారూ, మీరూ రండి. మా వీధి గుమ్మం ఇంకా ఉంది. మెట్లెక్కేటప్పుడు గోడవైపు నడవండి, మూడో మెట్టు కదులుతోంది.