సమస్య: బంటు మంత్రి యైన ఫలము లేదు

నిర్వాహకుడు (చిక్కడపల్లి): ఈ వారం ఆటవెలది. పైది నాలుగో పాదం. ఆదివారం మా మనవడు చదరంగం బల్ల మీద నాలుగే పావులు పెట్టి, "తాతా, ఎత్తు తెల్లవాళ్లది, గెలిపించు" అన్నాడు. తెల్లరాజు బి6, బంటు సి6. నల్లరాజు ఏ1 మూలన, నల్ల ఏనుగు డి5లో. ఆ ఏనుగు పావు ఎప్పుడో పోయింది, దాని బదులు చింతగింజ. రాత్రి పదకొండు దాకా ఆ గింజతోనే కుస్తీ పట్టాను. చదరంగమే రాయాలని లేదు, ఎటునుంచైనా రండి.

మల్కాజిగిరి మిత్రులు:
మాట చెప్పు తెలివి మచ్చుకైనను లేక
తలను వంచు గాని తగవు తీర్ప
నేర డట్టివాని నెత్తికెత్తిన నేమి
బంటు మంత్రి యైన ఫలము లేదు

నిర్వాహకుడు: నడక హాయిగా ఉంది. మంత్రి అనగానే సెక్రటేరియట్ దారి పడతారని ముందే అనుకున్నాను లెండి.

మియాపూర్ తమ్ముడు: మెట్రోలో కూర్చుని రాశాను, ఎల్బీ నగర్ వచ్చేసరికి అయింది.
చివరి గడిని చేరి చెలరేగినను గాని
ఏన్గు తన్ను తానె యెరగ నిచ్చె
మ్రింగ రాజు కదల చోటెక్కడున్నది
బంటు మంత్రి యైన ఫలము లేదు

సికింద్రాబాద్ మాస్టారు: మూడో పాదంలో యతి పోయింది నాయనా. 'మ్రిం'కి 'చో' ఎలా కుదురుతుంది? 'గాని' తర్వాత 'యేన్గు' అనాలి. విషయం మాత్రం పక్కా, పావులు పెట్టి చూశాను. బంటు సి7కి రాగానే ఏనుగు డి6, డి5, డి4, డి3 అంటూ చెక్ మీద చెక్ చెబుతుంది. రాజు బి5, బి4, బి3 మీదుగా సి2కి దిగుతాడు. అప్పుడది వెనక్కి డి4కి పోయి పొంచి ఉంటుంది. బంటును మంత్రిని చేశామా, సి4లో చెక్! తినకపోతే మంత్రి పోతుంది, తింటే స్టేల్‌మేట్, అంటే నల్లరాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు, ఆట డ్రా. 'ఎరగ నిచ్చె' అన్న మాటలో ఇదంతా ఉంది.

మియాపూర్ తమ్ముడు: సవరణ: 'మ్రింగ రాజు కదల మిగిలిన గడి యేది'.

మాస్టారు: ఇప్పుడు యతీ కుదిరింది, రాజూ ఇరుక్కున్నాడు.

తార్నాక అక్క: ఎందుకు వద్దో చెప్పావు తమ్ముడూ, ఏం చేయాలో చెప్పలేదు.
పెద్ద పదవి విడిచి పిన్నదే కోరుకో
యేన్గు వైతివేని యెదుటి రాజు
కట్టు దప్పుకొనగ గతి యొండు కనరాదు
బంటు మంత్రి యైన ఫలము లేదు

మాస్టారు: 'పిన్నదే కోరుకో' దగ్గర కాసేపు ఆగిపోయానమ్మా. 1895లో గ్లాస్గో పత్రికలో దీన్ని డ్రా అనే వేశారు. ఆ ఊళ్లోనే ఉన్న స్పెయిన్ పాదిరీ ఫెర్నాండో సావేద్ర ఈ పిన్న పదవే చూపించి గెలిపించాడు. అయితే ఒక్క పేచీ. సి8లో ఏనుగు పుట్టగానే ఏ8లో ఆటకట్టు భయం. నల్ల ఏనుగు ఏ4కి అడ్డొస్తుంది. తెల్లరాజు బి3కి వస్తే ఇటు ఆ ఏనుగుకు గండం, అటు సి1లో కట్టు. ఏనుగును వదులుకుంటే కట్టు అప్పటికి తప్పుతుందిగా?

తార్నాక అక్క: ఏనుగు పోయాక ఇంకెన్ని ఎత్తులు బతుకుతాడు మాస్టారూ! ఆటవెలదికి ఐదో పాదం ఇప్పించండి, అదీ రాస్తాను.

నిర్వాహకుడు: రెండు పద్యాలూ మనవడికి చదివి వినిపించాను. తమ్ముడి రెండో పాదం పూర్తవకముందే చింతగింజను సి4లోకి జరిపేశాడు.