గృహిణి, శవం, డార్క్ కామెడీ: నవ్వు ఎక్కడ పుట్టాలి? (ముగింపులు చెప్పేశాం, చూడనివాళ్లు జాగ్రత్త)

తెరచాటు:
20 నిమిషాల షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టు. బెజవాడ అపార్ట్‌మెంటు, ఒక గృహిణి, అనుకోకుండా చచ్చిన మొగుడు. శవాన్ని ఫ్రిజ్‌లో పెట్టే సీను చదివితే ఎవరికీ నవ్వు రావట్లేదు, భయమూ వెయ్యట్లేదు. సమంత 'సూపర్ డీలక్స్' (2019)లో ఫ్రిజ్ వాడేశారు కాబట్టి పాతబడిందా? ఇంకేం చూడాలి?

మూడో వరస:
ఫ్రిజ్ పాతబడలేదండీ. మీ ఫ్రిజ్ ఖాళీగా ఉన్నట్టుంది, అదీ లోపం. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో మనిషిని కుక్కాలంటే అరలన్నీ ఊడదీయాలి, కింది కూరగాయల డబ్బా తీసెయ్యాలి. అందులోవన్నీ ఎక్కడికి పోతాయి? పెరుగు, పచ్చళ్లు, నిన్న రుబ్బిన దోసెల పిండి గట్టు మీదికొస్తాయి. మే నెల ఎండకి పిండి నాలుగైదు గంటల్లో పొంగి గిన్నె దాటుతుంది. పక్కింటావిడ వచ్చి "పిండి బయటుందేంటి, ఫ్రిజ్ పాడైందా?" అంటే చాలు, సీను దానంతటదే నడుస్తుంది.

స్పానిష్ దర్శకుడు ఆల్మొదోవార్ తీసిన 'వోల్వెర్' (2006) తప్పక చూడండి. పెనెలొపీ క్రూజ్ చచ్చిన మొగుడి నెత్తురు కిచెన్ పేపర్‌తో అద్ది, నేల తుడుస్తుంది. ఇంతలో తలుపు మోగుతుంది. వచ్చినాయన ఆమె మెడ మీద రక్తం చూసి అడిగితే, ఆడవాళ్ల సంగతులు అంటుంది. ఆయన ఇంకేం అడగలేడు! ఆ తర్వాత శవం ఆయన హోటల్ ఫ్రీజర్‌లోకే చేరుతుంది. అదే హోటల్లో ఆమె సినిమా యూనిట్ 30 మందికి వండి పెడుతుంది.

రీలు డబ్బా:
మీ నిడివికి హిచ్‌కాక్ టీవీ సిరీస్‌లో 1958 నాటి 'ల్యాంబ్ టు ద స్లాటర్' బాగా పనికొస్తుంది. అరగంట కూడా ఉండదు. గడ్డకట్టిన గొర్రె తొడతో భర్తను కొట్టి చంపడం, తొడను ఓవెన్లో పెట్టడం, సరుకులకు కొట్టుకెళ్లి రావడం, అప్పుడు పోలీసులకు ఫోను. ఈ వరసలోనే ఉంది పనితనమంతా. వాళ్లు వెతుకుతున్నంతసేపూ ఆయుధం ఉడుకుతుంటుంది, చివరికి దాన్ని వాళ్లే తినేస్తారు. మీరు చావును నాలుగో నిమిషం దాటనివ్వకండి.

తెరచాటు:
కొట్టే మొగుడిగా రాశాను. ఇబ్బందా?

వెన్నెల టాకీస్:
ఇబ్బంది లేదు, కానీ దెబ్బల మీద జోకు వెయ్యొద్దు. 'డార్లింగ్స్' (2022)లో మొగుడు హంజా కొట్టే సీన్లను సూటిగా తీశారు. నవ్వంతా ఆలియా భట్, షెఫాలీ షా తల్లీకూతుళ్ల కంగారులో ఉంది. ఆలియా చివర్లో అతన్ని చంపకుండా వదిలేస్తుంది, రైలు గుద్దుతుంది. అది నాకు కాస్త సులువైన దారిగానే అనిపించింది. మీరు ఆ దారి పట్టకండి.

ఇంకోటి, మీ గృహిణిని పట్టించేది సీసీ కెమెరా కాకుండా ఇంటిపనే అయితే బాగుంటుంది. గ్యాస్ బండ భర్త నంబరు మీద బుక్కయి ఉంటే డెలివరీ కోడ్ ఆయన ఫోన్‌కే వస్తుంది. మూడు రోజులుగా ఆపేసిన ఫోన్‌ను కోడ్ కోసం ఆమె ఆన్ చేసిందంటే, ఏ టవర్ కిందుందో పోలీసులకు తెలిసిపోతుంది. చెయ్యకపోతే పొయ్యి వెలగదు, బంధువులు హాల్లో కూర్చుని ఉన్నారు.