టూటూ కమిషన్ తర్వాత మామూలు చర్చిల్లో ఏం జరిగిందో ఎక్కడ దొరుకుతుంది?

అపార్తైడ్ (వర్ణవివక్ష పాలన) కాలపు అకృత్యాలను విచారించిన దక్షిణాఫ్రికా సత్య, సయోధ్య కమిషన్‌లో (ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూ దాని ఛైర్మన్) చర్చి పెద్దల పాత్ర మీద సెమినరీలో పేపరు ఇవ్వాలి, నెలాఖరు గడువు. పెద్ద ఘట్టాలన్నీ దొరికాయి: 1990లో రస్టెన్‌బర్గ్‌లో చర్చి నాయకుల సభలో వేదాంత పండితుడు విల్లీ యోంకర్ తన తరఫునే కాక, అపార్తైడ్‌ను సమర్థించిన తెల్లవాళ్ల డచ్ రిఫార్మ్‌డ్ చర్చి తరఫున కూడా అపార్తైడ్ పాపాన్ని ఒప్పుకోవడం, 1996లో ఈస్ట్ లండన్‌లో (ఇది దక్షిణాఫ్రికాలోని ఊరే) బాధితుల మాటలు వింటూ ఛైర్మన్ టూటూ బల్ల మీద తల వాల్చి ఏడ్వడం, 1997 నవంబరులో అదే ఊళ్లో మత సంస్థల విచారణ. కమిషన్ నివేదిక 4వ సంపుటం, 3వ అధ్యాయం చదివాను. అదంతా సంస్థల గొడవే. పై వాళ్లు క్షమాపణ చెప్పాక కింద తెల్లవాళ్లు, నల్లవాళ్లు ఒకే బల్ల దగ్గర ప్రభు భోజనం తీసుకున్నారా అన్నది నాకు కావాలి. గూగుల్‌లో ఎలా వెతికినా టూటూ సూక్తులే వస్తున్నాయి (అవి వాట్సాప్‌లో రోజూ చూస్తున్నవే).

1997 తర్వాత స్థానిక పాస్టర్లు రెండు వర్గాలనూ ఎలా కలిపారో చెప్పే పుస్తకం గానీ థీసిస్ గానీ, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికేది, మీకు తెలిసినది ఏది?