పుల్‌డౌన్‌లో దొరికిన జంటలకు ఆల్ఫాఫోల్డ్ ఇచ్చే మార్కులు ఎంతవరకు నమ్మొచ్చు?

కొత్తస్కాలర్: హెచ్‌ఈకే293 అనే మానవ కణాల్లో మా ప్రోటీన్‌ని ఎరగా వేసి పుల్‌డౌన్ చేశాం, అంటే దానికి అంటుకుని వచ్చే ప్రోటీన్లను బయటికి లాగాం. వాటిని గుర్తుపట్టే మాస్ స్పెక్ యంత్రం నుంచి చాంతాడంత లిస్టు వచ్చింది. ఒక్కోదాన్నీ మా ప్రోటీన్‌తో జతచేసి ప్రోటీన్లు ఎలా జతకడతాయో ఊహించే ఆల్ఫాఫోల్డ్ మల్టిమర్ ప్రోగ్రామ్‌కి ఇస్తున్నా. ఆ జత మీద దాని నమ్మకాన్ని 0 నుంచి 1 మధ్య చెప్పే మార్కు ఐపీటీఎం. అది 0.65 దగ్గర ఆగినవే ఎక్కువ. వచ్చే వారం గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

జెల్‌గాడు: ముందు లిస్టు జల్లెడ పట్టండి. కెరటిన్ మన చర్మం నుంచి రాలిందే. హెచ్‌ఎస్‌పీ70, ట్యూబులిన్ లాంటి కణంలో దండిగా ఉండే ప్రోటీన్లు ఏ ఎర వేసినా వచ్చి పడతాయి. ఎర ప్రోటీన్ లేకుండా దానికి తగిలించే ట్యాగ్ ఒక్కటే వేసిన కంట్రోల్‌లోనూ అంతే ఉన్నవి తీసేయండి, జీపీయూ టైమ్ మిగులుతుంది.

విశాఖబయో: 0.8 దాటితే నమ్మకంగా ఉండొచ్చు. 0.6 లోపు చాలావరకు తప్పే. మధ్యలోవి ఎటూ తేలవు, మీవి అక్కడున్నాయి. అయినా నీరుగారిపోకండి. 2023లో ఒక బృందం 65,484 మానవ ప్రోటీన్ జంటలకు నిర్మాణాలు ఊహిస్తే, గట్టి నమ్మకంతో నిలిచినవి 3,137. అంటే ఐదు శాతం కూడా లేదు!

కొత్తస్కాలర్: అయితే మార్కు తక్కువొస్తే ఆ రెండూ అంటుకోవనేనా అండీ?

మడతలరాణి: అలా ఏం లేదు. అసలు పుల్‌డౌన్‌లో వచ్చినంత మాత్రాన నేరుగా తాకాలనీ లేదు, మధ్యలో మూడోది ఉండొచ్చు. అప్పుడు మూడూ కలిపి ఇచ్చి చూడాలి.

ఇంకోటి, ప్రోటీన్లలో స్థిరమైన ఆకారం లేకుండా వదులుగా వేలాడే తోకలు. పీ53 అనే ప్రోటీన్ మొత్తం 393 అమైనో ఆమ్లాలు. ఎండీఎం2 అనే ఇంకో ప్రోటీన్‌కి అంటుకునేది మాత్రం మొదట్లో ఉన్న చిన్న ముక్క. 1996 నాటి క్రిస్టల్ నిర్మాణం తెరిచి చూడండి: పీ53 వరుసలో 19వ స్థానంలోని ఫినైల్అలనీన్, 23లోని ట్రిప్టోఫాన్, 26లోని ల్యూసీన్ మూడూ ఒకే వైపు తిరిగి ఎండీఎం2 గుంటలో దిగి ఉంటాయి. న్యూట్లిన్ మందులు పట్టుకున్నదీ ఆ గుంటనే. ఇలాంటి చోట నిండు ప్రోటీన్ ఇస్తే మార్కు పడిపోవచ్చు, ముక్కలుగా ఇచ్చి చూడండి. నా లెక్కలో ఐపీటీఎం కన్నా ఏ భాగం దేని పక్కనుందన్న ఊహలో ఎంత తప్పుండొచ్చో చూపే పీఏఈ పటమే ఎక్కువ చెబుతుంది.

జెల్‌గాడు: క్రాస్‌లింకింగ్, అంటే దగ్గరున్న ప్రోటీన్లను రసాయనంతో కుట్టడం, చేయగలిగితే ఇంకా మంచిది. డీఎస్‌ఎస్‌ఓ అనే అలాంటి రసాయనంతో కలిసిన రెండు లైసీన్ అమైనో ఆమ్లాల ఆల్ఫా కార్బన్ల మధ్య దూరం మోడల్‌లో సుమారు 30 ఆంగ్‌స్ట్రామ్‌లు దాటితే ఆ మోడల్‌ని అనుమానించాల్సిందే.

కొత్తస్కాలర్: మా దగ్గర అంత సౌకర్యం లేదు.

మడతలరాణి: అయితే అతుకు దగ్గరున్న ఒక ఆర్జినిన్‌ని గ్లూటమేట్‌గా మార్చి మళ్లీ కో-ఐపీ చేయండి, అంటే యాంటీబాడీతో ఒకదాన్ని లాగి రెండోది దాంతో వస్తుందో చూడండి. ప్రోటీన్ ఉంటే గీతగా చూపే వెస్టర్న్ బ్లాట్‌లో బ్యాండ్ పోయిందంటే గైడ్‌కి చూపించడానికి ఆ ఫొటో చాలు. కాకపోతే మార్చిన ప్రోటీన్ సరిగ్గా తయారవుతోందో లేదో లాగడానికి ముందటి నమూనా వేసిన ఇన్‌పుట్ లేన్‌లో చూసుకోండి.