శ్రీలంక మనకన్నా సంపన్న దేశం కదా, పట్టణాల్లో అంత తక్కువమంది ఎందుకున్నారు?

ప్రశ్న: డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతాను. ఆదాయం పెరిగేకొద్దీ జనం పట్టణాలకు చేరుతారని పాఠంలో ఉంది. చైనాలో 1978లో పట్టణవాసులు 18 శాతం, 2011కల్లా సగం దాటారు. మరి శ్రీలంక తలసరి ఆదాయం మనకన్నా ఎక్కువ. అయినా 2012 జనగణనలో అక్కడ పట్టణవాసులు 18 శాతమే! మనకు 2011లో 31. నిన్న ఒక విద్యార్థిని ఇదే అడిగితే జవాబు చెప్పలేకపోయాను. మనసు చివుక్కుమంది.

జవాబు 1: మాస్టారూ, తేడా జనంలో లేదు, లెక్కలో ఉంది. శ్రీలంకలో నగర, పట్టణ మండళ్ల పరిధినే పట్టణమంటారు. 1987లో చిన్న పట్టణ మండళ్లను ప్రాదేశీయ సభల్లో, అంటే పల్లెల పాలన చూసే స్థానిక సంస్థల్లో, కలిపేయడంతో అక్కడివాళ్లంతా ఇల్లు కదలకుండానే గ్రామీణులయ్యారు. కొలంబో శివారు హోమాగమ కూడా ఆ లెక్కలో పల్లెటూరే.

మన దగ్గర పురపాలక సంఘం లేకపోయినా 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, మగ కార్మికుల్లో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉంటే పట్టణమే. అలాంటి జనగణన పట్టణాలు 2001లో 1,362. 2011లో 3,894.

2011 ఫిబ్రవరిలో మా ఊళ్లో ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకున్నది నేనే. ఒక ఇంట్లో పెద్దకొడుకు లారీ మెకానిక్, చిన్నవాడిది ఫోన్ల దుకాణం. కోడలు కలుపు తీసి అప్పుడే వచ్చింది, కాళ్ల బురద కడుక్కుంటూనే జవాబులు చెప్పింది. ఊరు పట్టణమా, పల్లెనా అని తేల్చేటప్పుడు ఆమె చేసే పని లెక్కకే రాదు. అది నాకు ఇప్పటికీ బాధే.

జవాబు 2: జాంబియాను కూడా చెప్పండి. మా నాన్నగారు అక్కడి రాగి గనుల పట్టణం కిట్వేలో లెక్కల మాస్టారుగా పనిచేశారు. 1970ల మధ్యలో రాగి ధర పడిపోయాక గనుల పట్టణాలు వెలవెలబోయాయి, చాలామంది సొంత పల్లెలకు తిరిగి వెళ్లి మొక్కజొన్న వేసుకున్నారు. పట్టణ జనాభా 1980లో 40 శాతం, 2000లో 35. పట్టణానికి వెళ్లినవాళ్లు వెనక్కి రారని మన పాఠాలు ఎందుకంత ధీమాగా చెబుతాయో!

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ ధన్యవాదాలు. రేపు హోమాగమతోనే పాఠం మొదలుపెడతాను. ఇంతకీ మీ ఊరు పట్టణమైందా?

జవాబు 1: జనగణనలో అయింది. పాలన మాత్రం పంచాయతీదే. ఎనిమిది వేలమందిమి, మురుగు కాలువ అడిగితే పల్లెటూరికి ఎందుకన్నారు.