కొండ పొలాల అందానికి రైతుకు డబ్బు ఇవ్వాలా?

లెక్కలమాస్టారు: కొండ ఊళ్లకు జనం వచ్చేది మెట్ల పొలాలను చూడటానికి. ఆ దృశ్యానికి విడిదివాళ్లు వసూలు చేసుకుంటారు, రైతుకు దక్కేది ధాన్యం ధర ఒక్కటే. స్విట్జర్లాండ్‌లో పొలాల అందాన్ని నిలబెట్టినందుకు రైతుకు విడిగా చెల్లించడం 2014లో మొదలుపెట్టారు. మిగతా చోట్ల ఎందుకు కుదరదు?

బాటసారి: అందాన్ని ఏ తక్కెడలో తూస్తారు?

లెక్కలమాస్టారు: పద్ధతులున్నాయండీ. ఎంత దూరం నుంచి, ఎంత ఖర్చు పెట్టుకుని వచ్చారో లెక్కిస్తారు. పొలం వైపు కిటికీ ఉన్న గదికీ, గోడ వైపు గదికీ అద్దెలో తేడా చూసినా కొంత తెలుస్తుంది.

బాటసారి: పొలం వైపు గది పెద్దదేమో!

గట్టుమీద: గది సంగతి తర్వాత. ఫొటో కోసం నలుగురు మా మడి గట్టెక్కారు. పై వరుస రాయి జారింది. తెల్లారేసరికి నీళ్లన్నీ కింది మడిలో ఉన్నాయి, అక్కడి నాట్లు బురదలో కూరుకుపోయాయి. విడిది యజమానిని అడిగితే "మీ పొలం చూడటానికేగా వచ్చారు" అన్నాడు. రాళ్లు పేర్చే మనిషి దొరకడానికి పది రోజులు పట్టింది.

బాటసారి: కంచె వేసుకోవలసింది.

లెక్కలమాస్టారు: కంచె వేస్తే చూపు చెడుతుంది.

గట్టుమీద: నా పొలానికి నేను కంచె వేసుకోవడానికి కూడా మీ చూపు అడ్డమా?

లెక్కలమాస్టారు: కోపం వద్దు. డబ్బు ఇమ్మంటున్నది మీకే. ఫిలిప్పీన్స్‌లో ఇఫుగావో వరి మెట్లు 1995లో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కాయి. యువకులు పట్నాల దారి పట్టారు, గట్లు కూలాయి, 2001లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చారు. అందులోంచి బయటపడింది 2012లో. సేద్యం ఆగితే చూడటానికేమీ మిగలదు.

గట్టుమీద: నీళ్లు చాలక వరి మాని పండ్ల చెట్లు పెడతాను. అప్పుడూ ఇస్తారా?

లెక్కలమాస్టారు: చెట్లు పెరిగితే మెట్లు కనిపించవు కదా.

గట్టుమీద: అలా చెప్పండి! మీరు కొనేది పంటనూ కాదు, గట్టునూ కాదు. నేను ఏం వేయాలో చెప్పే హక్కును. మా అబ్బాయి నడుం వంచి నాటుతూ ఉండాలి, మీరు వసారాలో కూర్చుని చూడాలి.

లెక్కలమాస్టారు: ఇష్టం లేకపోతే ఒప్పుకోకండి. ఒప్పుకున్నాక మాత్రం షరతు షరతే.

పొద్దుపొడుపు: ఆ డబ్బు సర్కారుదా, విడిదివాళ్లదా? అది ఇద్దరూ చెప్పరేం?

గట్టుమీద: ముందు ఆ రాళ్లు పేర్చిన కూలి ఎవరిస్తారో చెప్పమనండి.

బాటసారి: గది ఎంత పెద్దదో ఇంకా ఎవరూ చెప్పలేదు.