సమస్యాపూరణం: చోటు మారినంత సొత్తు చేటు

ఈసారి సమస్య ఆటవెలది చివరి పాదం: "చోటు మారినంత సొత్తు చేటు". యతి చో–సొ. కణంలో పరాయి డీఎన్ఏను పసిగట్టే కాపలా గురించి పూరించాలి.

మొదటి పూరణ

కేంద్రకమున నున్న కీడు లేదెన్నడు
కణపు రసము లోన కంటబడిన
గంట మోగు నపుడె కావలి కదలును
చోటు మారినంత సొత్తు చేటు

విమర్శ: గంట పోలిక చాలా నచ్చింది. సీగ్యాస్ అనే ఎంజైమ్ డీఎన్ఏకి అతుక్కోగానే ఏటీపీ, జీటీపీలను కలిపి సీజీఏఎంపీ అనే చిన్న అణువును చేస్తుంది. గంట అదే. అది విని కదిలే కావలి స్టింగ్ అనే ప్రోటీన్, కణంలో పొరల వలలా ఉండే ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ పొరలో ఉంటుంది. ఆ కదలికతోనే వైరస్ వచ్చిందని పక్క కణాలను హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ తయారీ మొదలవుతుంది. "కీడు లేదెన్నడు" దగ్గర మాత్రం ఆగాను. సీగ్యాస్ కేంద్రకంలోనూ ఉంటుంది. అక్కడ న్యూక్లియోజోములు, అంటే డీఎన్ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్ ఉండలు, దాన్ని కట్టిపడేస్తాయి, ఆ కట్టు ఎలా ఉంటుందో 2020 పరిశోధనలు చూపించాయి. ఆ కట్టు పద్యంలోకి వస్తే ఇంకా బాగుండేది.

రెండో పూరణ

మైటొకాండ్రియాల మరుగున దాగిన
ఉంగరమ్ము జారి యూడిపడగ
వైరసనుచు దలచి వాపును బెంచును
చోటు మారినంత సొత్తు చేటు

విమర్శ: మైటోకాండ్రియా డీఎన్ఏ నిజంగానే ఉంగరంలా గుండ్రంగా ఉంటుంది, భలే పట్టారు. "దాగిన" తర్వాత "యుంగరమ్ము" అని రాయండి, సంధి కుదురుతుంది. ఛందస్సు కోసం "మైటొ" అని కుదించారు, పరవాలేదు.

మూడో పూరణ

పరుల రాత చదివి పసిగట్టు సీగ్యాసు
తనది తెలిసి విడుచు దయను జూపి...

విమర్శ: ఇక్కడే ఆపేస్తున్నాను, క్షమించాలి. గణాలు, యతి సరిగ్గా ఉన్నాయి, విషయం తప్పింది. సీగ్యాస్ అక్షరాలు చదవదు. డీఎన్ఏకి వెన్నెముకలాంటి చక్కెర–ఫాస్ఫేట్ వరసను పట్టుకుంటుంది, అది వైరస్‌కీ మనకీ ఒకటే. సొంతదని వదలడం ఉండదు. కణరసంలో పడిన డీఎన్ఏ ముక్కల్ని ట్రెక్స్1 అనే ఎంజైమ్ ఎప్పటికప్పుడు తెగ్గొడుతుంది. పుట్టుకతోనే అది పనిచేయని పిల్లలకు ఐకార్డీ–గూటియేర్ సిండ్రోమ్ వస్తుంది, వైరస్ లేకుండానే మెదడు దెబ్బతింటుంది. పైగా తనదాన్ని వదిలేస్తే సమస్యలోని "సొత్తు చేటు" ఎలా అవుతుంది?

కవి సవరణ: ఆ పిల్లల సంగతి నాకు తెలియదు. మళ్లీ రాశాను.

పేరు చూడదెపుడు పీఠమే చూచును
తనది యనుచు విడువ దలచబోదు
రెండు పేటలున్న రేగును సీగ్యాసు
చోటు మారినంత సొత్తు చేటు

విమర్శ: "రెండు పేటలు" అనడం చాలా సరైన మాట. సీగ్యాస్ బాగా రేగేది జంట పేటల డీఎన్ఏకే, అదీ పొడుగ్గా ఉంటే మరింత. ఈ వారానికి నా ఓటు దీనికే.